అక్కకున్న మీట

మా అక్కకి కోపం ముక్కు మీద ఉంటుంది. నాది నోట్లో ఉంటుంది. అందుకే తను కింది వాటాలో, నేను పై వాటాలో ఒకే కప్పు కింద ఉంటూ కూడా వారంలో సగం రోజులు మాట్లాడుకోం.

కింద వీధివైపు గది అక్క దుకాణం. చేతిగడియారాలు బాగుచేస్తుంది. ఒకప్పుడు కంటికి భూతద్దం తగిలించుకుని, నాకైతే కనపడనే కనపడని స్క్రూని కుడిచేత్తో పట్టకారుతో ఎత్తి ఇట్టే కూర్చోబెట్టేది. కీళ్ళజబ్బు వచ్చాక ఆ పని ఎడమచేతికి మారింది. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే కీళ్ళ మీద పడ్డాయి. మందులతో అవి దారికొచ్చాయి గానీ, కుడిచేతి వేళ్ళు రెండు వంగినవి వంగినట్టే ఉండిపోయాయి.

అక్క కూతుర్ని మేం పిచ్చుక అంటాం. చదువు ముగించి, అమ్మ పక్కన స్టూలేసుకుని ఈ పనే నేర్చుకుంటానని పట్టుబట్టింది. అక్క ససేమిరా అంది. జబ్బు పిల్లకి తనే ఇచ్చేసిందని, తీరా పని చేతికొచ్చాక వేళ్ళు పోతే పిల్ల ఏమైపోతుందని తన భయం. రోజూ పొద్దున్నే పిచ్చుక చేతులు పట్టుకుని కణుపు కణుపూ నొక్కి చూసేది. పిల్ల పళ్ళు బిగించి ఊరుకునేది.

నేను పనిచేసే ల్యాబ్‌లో చూసేది సరిగ్గా ఈ గొడవే. రోగాలతో పోరాడే జన్యువులు అందరిలోనూ దాదాపు ఒకటే. వాటి పక్కనో, ఎక్కడో దూరంగానో మీటలుంటాయి. ఫ్యాను అదే అయినా రెగ్యులేటర్ని బట్టి గాలి మారినట్టు, మీట రాసున్న డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడా ఉంటే జన్యువు చేసే పని పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. అలాంటి మీటలు మనిషిలో ఎక్కడెక్కడున్నాయో వెతకడం మా పని. ఆలోచించేది ల్యాబ్ నడిపే మేడం. రక్తం తీసి, కణాలు వేరుచేసి, మిషన్‌కెక్కించేది నేను.

మా దగ్గర ఒక అలవాటుంది. మిషన్ సరిగ్గా నడుస్తోందో లేదో తెలియడానికి, ప్రతిసారీ కొత్తవాళ్ళ రక్తంతో పాటు ఎప్పుడూ ఒకే మనిషిది కూడా పెడతాం. ఆ మనిషిని నేను. నాకు జలుబు కూడా చెయ్యదని గొప్పలు పోయినందుకు ఆ పని నా నెత్తిన పడింది.

తనని ఇంతపని చేసిన మీట ఏదో తెలియాలని అక్క ఒకరోజు తనే ల్యాబ్‌కి వచ్చింది. ఫలితం తనకి చెప్పాలని సంతకం పెట్టి మరీ రక్తం ఇచ్చింది. మేం కొత్తగా అనుమానిస్తున్న, ఒక అక్షరం మారిన మీట ఒకటుంది. కాపలా కణాల్ని అదే రెచ్చగొడుతోందేమోనని మేడం అనుమానం. చూస్తే అక్కకి అది ఉంది. కింది వరసలో నాకూ ఉంది.

ట్యూబులు తారుమారు చేశానని ఖాయం చేసుకున్నాను. మిగతా చోట్ల మా అక్షరాలు కలుస్తున్నాయో లేదో చూడాలన్న ఇంగితం కూడా లేకుండా, నన్ను నేనే తిట్టుకుంటూ మొదట్నుంచీ మళ్ళీ చేశాను. మళ్ళీ అదే వచ్చింది. మొహం వేలాడేసుకుని మేడం దగ్గర నిలబడితే, ఆవిడ మిగతా అక్షరాలు తీసి చూపించారు. కొన్ని కలుస్తున్నాయి, కొన్ని కలవడంలేదు. ట్యూబులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక తల్లి పిల్లలకి అసలేమీ కలవకపోతే కదా ఆశ్చర్యపోవాలి అని నవ్వారు. మీ అక్కకి చెప్పుకో గానీ, వాళ్ళమ్మాయి గురించి జోస్యం మాత్రం చెప్పకు అన్నారు.

ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్న నాకు ఆ మాట ఎందుకు తట్టలేదు? జబ్బు అక్కది, ఆరోగ్యం నాది అని ఎప్పుడో పంచేసుకున్నాను. బస్సులో నా వేళ్ళు నేనే ముడిచి చూసుకున్నాను. భయం వేసింది.

సాయంత్రం దుకాణంలో అక్క ఎదురుగా కూర్చున్నాను.

"అక్కా, ఆ మీట నీకుంది. నాకూ ఉంది."

అక్క భూతద్దం తీసేసింది. "నీకెలా ఉంటుందే? నీకేం కాలేదుగా."

"కాలేదు. అదొక్కటే ఉంటే చాలదు, ఇంకా చాలా కలిసిరావాలి. పిచ్చుకకి జబ్బు రాదని నేను చెప్పలేను. వస్తుందని నువ్వూ చెప్పలేవు."

ఒంటికాలి మీద లేస్తుందనుకున్నాను. లేవలేదు. నా చేతులు రెండూ దీపం కిందకి లాక్కుని, ఆ వంగిన వేళ్ళతోనే నా కణుపులు ఒక్కొక్కటీ నొక్కింది. నొప్పుందా అని అడిగింది. లేదన్నాను. మళ్ళీ నొక్కింది.

"ఇన్నాళ్ళూ దాని చేతులే చూశాను," అంది. "నీవి ఒక్కసారైనా చూడాలని నాకు తట్టనేలేదే."

నాకు ఏడుపొచ్చింది. తనముందు ఏడవడం నాకు నామోషీ, అయినా ఏడ్చాను.

మర్నాడు పొద్దున్న నేను కిందకి దిగేసరికి పిచ్చుక అలవాటుగా రెండు చేతులూ చాపి నిలబడి ఉంది. అక్క వాటిని కాసేపు చూసింది. నొక్కలేదు. పిల్ల కుడిచేతిలో పట్టకారు పెట్టి, స్టూలు దగ్గరకి లాగింది.