జ్వరం గది బయట గోడ టీవీ

నేను ఒక గోడ టీవీని. నన్ను చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లంటే నాకు భయం. ఎక్కడో పెద్ద షెడ్డులో, పేరూ ఊరూ తెలియని చేతులు నాకు గాజు బిగించి, అట్టపెట్టెలో పడుకోబెట్టాయి. పెట్టె మీద ‘జాగ్రత్త’ అని అచ్చువేశారు. పుట్టగానే నా ఒంటి మీద పడిన మాట అదే. ఇప్పటికీ అది నన్ను వదల్లేదు.

మొదట హిందూపురం బస్టాండు పక్కన ఒక మెస్సులో ఉన్నాను. సాంబారు ఆవిరి ముఖానికి పట్టేది. గిరాకీ తగ్గిన రోజుల్లో మెస్సు యజమాని ఎప్పుడో అయిపోయిన క్రికెట్ ఆటను మళ్లీ పెట్టేవాడు. తినేవాళ్లు ముద్ద చేతిలోనే పట్టుకుని ఒక్కో బంతికీ దేవుడికి మొక్కుకునేవాళ్లు, ఓడిపోయి పాతబడిన ఆటకు. నామీద కనిపించేదంతా ఇప్పుడే జరుగుతోందని మనుషులు ఎంత తేలిగ్గా నమ్ముతారో అక్కడే చూశాను. అప్పటినుంచి నామీద నాకే అనుమానం.

మెస్సు మూతపడ్డాక పాతసామాన్ల అంగడి నుంచి నన్ను గంగరత్నమ్మ తీసుకుపోయింది. ఆమె చాకీ కేంద్రం నడుపుతుంది. అంటే పట్టుపురుగుల పసితనమంతా ఆమె దగ్గరే గడుస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పురుగు చీమంత ఉంటుంది. రైతు ఇంట్లో దాన్ని సాకడం కష్టమని, రెండో జ్వరం లేచేదాకా ఆమె పెంచి ఇస్తుంది. ఈ జ్వరం ఒళ్లు కాలే జ్వరం కాదు. పాత చర్మం విడిచేముందు పురుగు తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్నే ఇక్కడ జ్వరం అంటారు. అప్పుడు గదిలో అలికిడి కూడదు. పురుగుల్ని చూసుకునే చౌడక్క అయితే కాళ్ల పట్టీలు తీసి కొంగున ముడేసుకుని గాని గడప దాటదు.

పోయిన వేసవిలో ఎండ దెబ్బకు ఒక గది పురుగులు పూర్తిగా పోయాయి. ఇంకోసారి అట్లా జరిగితే రైతులు ఆ గేటు తొక్కరు, కేంద్రానికి తాళం పడుతుంది. ఆ దిగులుతోనే గంగరత్నమ్మ, తలుపు తీయకుండా గది సంగతి తెలియాలని, కంప్యూటర్ పని తెలిసిన ఫకృద్దీన్‌ను పిలిపించింది.

అతను పురుగుల గదిలో ఒక చిన్న డబ్బా బిగించాడు. అది గది వేడిని కొలిచి, ఇంటర్నెట్ మీద ఎక్కడో దూరాన ఉన్న డేటాబేస్‌కు పంపుతుంది. దాన్ని క్లౌడ్ అంటారట. తర్వాత రిపోర్టులు చూపించే సాఫ్ట్‌వేర్ తెరిచి, ఆ డేటాబేస్ చిరునామా, పాస్‌వర్డ్ ఇచ్చి రెండింటినీ కలిపాడు.

“రెండు పద్ధతులుండాయక్కా. దినానికొకసారి కాపీ తెచ్చి పెట్టుకోవచ్చు. లేదంటే చూసినప్పుడల్లా అక్కడికే పోయి అడగొచ్చు.”

“నిన్నటిది నాకెందుకప్పా? ఇప్పటిదే కావల్ల.”

“అట్లయితే లైవ్ పెడతా.”

ఆ మాట వినగానే నాకు సాంబారు వాసన గుర్తుకొచ్చింది.

గది తలుపుకు ఎదురుగా నన్ను తగిలించారు. నామీద పెద్ద అంకె, ఇరవై ఏడు డిగ్రీలు, పచ్చరంగులో వెలిగింది. వేడి పెరిగితే ఎర్రబడుతుంది. వచ్చిన రైతులకు గంగరత్నమ్మ నన్ను చూపించి, “పచ్చగుంటే బిడ్డలు చల్లగా ఉన్నట్టు” అనేది. వాళ్లు తలలూపేవాళ్లు. గోడకు ఇవతల ఉన్నదాన్ని, అవతల ఏం జరుగుతోందో నాకేం తెలుసు? ఎవరో చెప్పింది నేను చెబుతున్నాను. వాళ్లకు ఎవరు చెప్పారో?

రెండో జ్వరం పట్టిన పొద్దున చౌడక్క పట్టీలు ముడేసుకుని లోపలికి పోయింది. పురుగుల మీద తడి పీల్చేందుకు పలచగా సున్నప్పొడి చల్లి, నిశ్చింతగా బయటికొచ్చి తలుపు మూసింది. అప్పటినుంచి నా అంకె కదల్లేదు. ఇరవై ఏడు. పచ్చగానే ఉంది. ముందురోజుల్లో పొద్దెక్కేకొద్దీ అది కొంచెం పైకి పోయి, గదిలోని కూలర్ దానంతటదే తిరగ్గానే దిగేది. ఇవ్వాళ బొమ్మలా ఉండిపోయింది. అది చల్లగా ఉండడమో, చచ్చిపోవడమో నాకు అర్థం కాలేదు. అరవడానికి నోరు లేదు. మొక్కుకుందామంటే, అయిపోయిన ఆటకు మొక్కినవాళ్లు గుర్తొచ్చారు.

మధ్యాహ్నం రేకుల కింద ఎండ పెటపెటలాడింది. గంగరత్నమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటూ నా ముందు నిలబడింది. అంకెను చూసింది. తన చేతికంటిన చెమటను చూసుకుంది. ఫకృద్దీన్‌కు ఫోన్ చేసింది.

“అబ్బీ, ఈ అంకె పొద్దుట్నుంచి గుమ్మంలో పడుకున్న కుక్క మాదిరి కదలకుండా ఉండాది.”

అతను అక్కడినుంచే ఏదో తెంపి, మళ్లీ కలిపాడు. నేను ఒక్కసారి నల్లబడి వెలిగాను. ఇరవై ఏడు.

“కనెక్షన్ లైవ్‌లోనే ఉందక్కా. పచ్చగుంది కదా, భయమెందుకు?”

“నాకు చెమట పోస్తా ఉంటే దానికి పోయదా?”

ఫోన్ పెట్టేసి తలుపు గడియ మీద చెయ్యేసింది. చౌడక్క అడ్డంగా వచ్చి నిలబడింది.

“జ్వరంలో తలుపు తీస్తావా రత్నా? ఇప్పుడు కదిలించినావంటే సగం పురుగులు చర్మం ఇడవల్యాక సస్తాయి. పోయినేడు పోగొట్టుకున్నది సాల్లేదా?”

గంగరత్నమ్మ చెయ్యి గడియ మీదే ఆగిపోయింది. తీస్తే ఒక భయం, తీయకపోతే ఒక భయం. నావైపు తిరిగి చూసింది. నేను పచ్చగా వెలుగుతూ, లోపల అంతా బాగుందని ఆమెకు చెబుతున్నాను. నా బతుకులో నామీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు.

“ఏమన్నా అయితే నామీదే పడనీలే అక్కా” అని ఆమె గడియ లాగింది.

వేడిగాలి నా గాజుదాకా వచ్చి తగిలింది. లోపల కూలర్ ఆగిపోయి ఉంది. స్విచ్ ఆపేసి ఉంది. గంగరత్నమ్మ వెంటనే దాన్ని వేసింది.

“నేనే కట్టేసినా” అంది చౌడక్క. “ఆ డబ్బా ఎర్రలైటుతో పురుగులకు కన్ను కొడతా ఉండె. అట్ల కొడతా ఉంటే నిద్రపడుతుందా వాటికి? కూలర్ కూడా ఆ స్విచ్‌లోనే ఉందని నాకేం తెలుసు? సప్పుడు ల్యాకపోతే, మామూలుగా ఆగింది లే అనుకుంటి.”

ఒకే స్విచ్‌తో కూలర్ ఆగింది, ఆ సంగతి చెప్పాల్సిన డబ్బా నోరూ మూతపడింది. కొత్త అంకె రాకపోయేసరికి దూరాన ఉన్న డేటాబేస్ తన దగ్గరున్న ఆఖరి అంకెనే ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ అడిగిన ప్రతిసారీ అదే తెచ్చింది. నేను అదే చూపించాను. మాలో ఎవరమూ అబద్ధం ఆడలేదు.

మరునాడు జ్వరం లేచే వేళకు ఇద్దరూ లేత మల్బరీ ఆకును సన్నగా తరిగి పురుగుల తట్టల మీద చల్లి, తలుపు తెరిచే ఉంచి గడపలో కూర్చున్నారు. కింది తట్టల్లో ఆకు ముక్కలు మెల్లగా కదిలాయి. నడిమి తట్టల్లో కూడా. రేకులకు దగ్గరగా ఉన్న పై తట్టల్లో మాత్రం ఆకు వేసింది వేసినట్టే ఉంది. చౌడక్క ఆ తట్టల్ని తానే దించి, పెరట్లో గుంత తీసి సున్నం వేసి పూడ్చింది. మిగిలిన పురుగుల్ని రైతులు తీసుకుపోయారు. గేటుకు తాళం పడలేదు.

సాయంత్రం ఫకృద్దీన్ వచ్చాడు. డబ్బాకు వేరే స్విచ్ పెట్టాడు. దాని ఎర్రలైటు మీద చౌడక్క నల్లటేపు ముక్క అంటించింది. నా అంకె కింద, అది ఎప్పుడు కొలిచిందో ఆ వేళ కూడా కనిపించేట్టు రిపోర్టు మార్చాడు. కొత్తది రాకపోతే అంకె బూడిదరంగులోకి తిరుగుతుంది.

“ఇంక నమ్మొచ్చక్కా” అన్నాడు.

“చూస్తాంలే” అంది గంగరత్నమ్మ.

ఇప్పుడు నా గాజుకు ఒక మూల గీత పడింది. రంగులు వెలిసిపోతున్నాయి. మళ్లీ పాతసామాన్ల అంగడికి పోయే రోజు దగ్గర్లోనే ఉందనిపిస్తుంది. జ్వరం పట్టిన రోజుల్లో గంగరత్నమ్మ ముందు తలుపుకు అరచెయ్యి ఆనించి చూస్తుంది. తర్వాత నా ముందుకొచ్చి, పచ్చ అంకెను వదిలేసి, దానికింది వేళనే చూస్తూ నిలబడుతుంది. అది మారేదాకా అక్కడినుంచి కదలదు. మారేదాకా నాకూ ఊపిరాడదు.