ముందు చక్రాల మీద డెబ్బై కిలోలు

నా బామ్మర్ది వెంకటేష్‌కు ఆళ్లగడ్డలో బండలు కోసి పాలిష్ పట్టే యార్డు ఉంది. రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు కూడా ఉంది. ఆ కారులోని చిన్న పెట్రోలు ఇంజిన్ పీకేసి, గుద్దుకున్న జీపులోంచి వచ్చిన టర్బో డీజిల్ ఇంజిన్ ఎక్కించాలని నెల రోజులుగా నా ప్రాణం తీస్తున్నాడు. నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. అందుకని నేను సరేననాలట. వద్దంటే మాత్రం వినడు.

ఇంజిన్ నంద్యాలలో మెకానిక్ మాబు సాహెబ్ షెడ్డులో ఉంది. అది పట్టాలంటే కారు ముందు చట్రాన్ని గ్యాస్‌తో కోయాలి. కోశాక పాత ఇంజిన్ మళ్లీ కూర్చోదు.

"పాతదాన్ని రిపేరుకు దించినప్పుడు నేనూ మా తమ్ముడూ చేతుల మీద ఎత్తినాం సార్," అన్నాడు మాబు సాహెబ్, మేము చూడ్డానికి పోయినప్పుడు. "దీనికి నలుగురం పట్టినా నడుములు పొయ్యె. ఎనభై కిలోలు ఎక్కువుంటాది. మీరన్నా చెప్పండి."

"బరువుంటే ఏమి? బలం రెండింతలు కదా!" అన్నాడు వెంకటేష్. "బనగానపల్లె దారిలో పెండ్లి వ్యాను నన్ను దాటిపోయింది బావా. వ్యాను! లోపల ఆడోళ్లు నన్ను చూసి చేతులూపుతాండారు."

"వాళ్లకు ముహూర్తం ఉందప్పా. నీకేం తొందర?"

"నీకు ఎగతాళిగా ఉంది."

ఎగతాళి కాదు. నా భార్య రామేశ్వరమ్మకు ఏ కారెక్కినా వాంతులే. ఆమె బతికిన చివరి ఏడాది కర్నూలు ఆస్పత్రికి పదకొండుసార్లు ఈ తమ్ముడే, ఈ కారులోనే తీసుకుపోయాడు. మలుపుల్లో ఒరగదు, బ్రేకు వేస్తే ముక్కు దించదు. ఒక్కసారి కూడా ఆమెకు కడుపులో తిప్పలేదు. వచ్చేటప్పుడు నిద్రపోయేది కూడా. ఆ మాట వెంకటేష్‌తో అంటే వాడు వెంటనే ఊరుకుంటాడు. అట్లా గెలవడం నాకిష్టం లేదు.

ముందు బరువు పెరిగితే ఏమవుతుందో కాగితం మీద గీసి చూపించాను. ఆవలించాడు. చివరికి ఆళ్లగడ్డ యార్డుకు పోయి, బంపర్ విప్పించి, ముందు చట్రం మీద ఎనభై కిలోల బండముక్కలు తాళ్లతో కట్టించాను.

"ఇంజిన్ ఇంత ముందర ఉండదు కదా బావా!"

న్యాయమైన మాటే. ఒక ముక్క తీయించి డెబ్బైకి తెచ్చాను.

"ఇంగ నంద్యాల దాకా నువ్వే తోలు," అన్నాను.

తిన్నటి రోడ్డు మీద ఈల వేస్తూ తోలాడు. "చూడు, పల్లకీ మాదిరి పోతాంది." స్పీడు బ్రేకర్ దగ్గర కింద ఏదో గీసుకుంది. ఈల ఆగింది. "షాకులు గట్టివి ఏయిస్తాలే," అన్నాడు. వాంతికొచ్చేలా ఉంటే నేను కిటికీ అద్దం దించుకున్నాను.

నంద్యాల ఇంకా నాలుగు మైళ్లుందనగా ఎడమ మలుపు. వెంకటేష్ స్టీరింగ్ తిప్పాడు. చక్రాలు తిరిగాయి, కారు మాత్రం నేరుగా పోయింది. బ్రేకు తొక్కితే ముక్కు వంగి, రోడ్డు వారన ఆరబోసిన మొక్కజొన్నల్లోకి దూరి ఆగింది. మనుషులెవరూ అడ్డం లేరు. అదే పదివేలు.

మొక్కజొన్నలామె బాలమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. "ఏందప్పా, ఇంత పెద్ద రోడ్డుంటే నా గింజల మీదికే రావల్లనా? కండ్లు యాడ పెట్టినావ్?"

"కారు తిరగలేదమ్మా."

"మూతికి బండలు కట్టుకోని వస్తే యాడ తిరుగుతాది? ఎవురి తెలివి ఇది?"

వెంకటేష్ నన్ను చూపించాడు. నేను ఒప్పుకున్నాను.

వాడు తాళ్లు విప్పి బండలు దించాడు. ఒక్కడే వెనక్కిపోయి, అదే మలుపు, అదే వేగంతో మళ్లీ తిప్పుకొచ్చాడు. కారు గీత గీసినట్టు తిరిగింది. దిగి టైర్ల వైపు చూశాడు. తర్వాత చీపురు అడిగి తీసుకుని, చెదిరిన గింజలన్నీ కుప్పకు ఊడ్చాడు.

"ఆ బండలు ఈడే ఇడిసిపెట్టు," అంది బాలమ్మ. "గింజల మీద కప్పే పట్ట ఎగరకుండా పెట్టుకుంటా."

వెంకటేష్ ఫోను తీశాడు. "మాబూ, కోసేది లేదు. ఆ ఇంజిన్ ఎవురికన్నా ఇచ్చెయ్."

నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

"అట్నే... తేలికగా ఉండే టర్బో ఏదన్నా ఉంటే చూసిపెట్టు."

నేను కారెక్కి తలుపు వేసుకున్నాను, అవసరమైనదానికన్నా కాస్త గట్టిగా.