ఇంటిపేరు గడి

చింతపండు పిసుకుతున్న చెయ్యి ఇంకా గిన్నెలోనే ఉంది, మా ఆయన ప్రమోద్ ఒక కాగితం తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టాడు. "ఇక్కడో సంతకం పెట్టెయ్, నెట్ సెంటర్ మూసేస్తారు." ఏంటది అంటే, "పాస్‌పోర్టుదేలే, ఏదో డిక్లరేషను. నువ్వు పులుసు చూసుకో, ఈ తలనొప్పంతా నేను పడతాను" అన్నాడు. నా కష్టం చూసి సాయం చేస్తున్నాడనుకుని మురిసిపోయాను కూడా. చున్నీకి చెయ్యి తుడుచుకుని సంతకం చేశాను. కాగితం మూల మరక పడింది. "కాస్త కడుక్కుని పెట్టొచ్చుగా" అన్నాడు.

అసలు పాస్‌పోర్టు నేను జర్మనీలోనే మార్చుకోవచ్చు. డ్రెస్డెన్‌లో నీటిశుద్ధి మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇది మూడో ఏడు. అక్కడ ఉండటానికిచ్చిన వీసా కార్డు అక్టోబరుతో సరి. పొడిగించాలంటే కొత్త పాస్‌పోర్టు చూపాలి. ఆ మాట ఫోన్లో అనగానే, "ఇక్కడికే వచ్చి చేయించుకో, అమ్మ కంటి ఆపరేషనుకి ఉన్నట్టూ ఉంటుంది" అన్నాడు ప్రమోద్. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. రెండు పిట్టలూ నేనేనని వచ్చాక తెలిసింది. పంజాగుట్ట ఆసుపత్రికి తిప్పడం, రోజుకు ఆరుసార్లు కంట్లో చుక్కలు, చూడొచ్చిన వాళ్ళకు టిఫిన్లు. లాప్‌టాప్ తెరిస్తే చాలు, "అమ్మాయ్, కాఫీ చుక్క" అని వినబడుతుంది. ప్రమోద్‌కేమో ఇంట్లోంచే ఆఫీసు, తలుపు మూస్తే ఎవరూ కదిలించరు. నా థీసిస్‌కి తలుపు లేదు. నిద్ర వల్ల తీరే అలసట కాదిది, ఏం చెప్పాలన్నా ముందే నోరు నొప్పి పుట్టే అలసట.

ఇవాళ పొద్దున మెట్రోలో అమీర్‌పేట వచ్చాం. పాస్‌పోర్టు కేంద్రం గేటు దగ్గర ప్రమోద్ ఫైలు చంకన పెట్టుకుని నాకంటే ముందు నడిచాడు. సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"సార్, మీది గాదు గదా? మేడమొక్కతే పోవాలె."

"నేను హస్బెండ్‌నండీ. ఆవిడకేం తెలీదు, వివరాలన్నీ నా దగ్గరున్నాయి."

"తెల్వకపోతే లోపల్నే అడుగుతరు సార్. మీరు జర పక్కకు నిలవడుండ్రి."

ఆవిడకేం తెలీదట. ఒక్కదాన్నే మూడు దేశాల్లో సదస్సులకు తిరిగొచ్చాను. ఫైలు తీసుకుని లోపలికెళ్ళాను. టోకెన్ పట్టుకుని కుర్చీలో కూర్చుంటే, వచ్చిన ఇన్నాళ్ళలో ఏ పనీ లేకుండా కూర్చోవడం ఇదే మొదలని తట్టింది. హాయిగా ఉంది. ప్రభుత్వ ఆఫీసు కుర్చీలో హాయేంటని నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది.

కౌంటర్లో నా తల్లి వయసున్న ఆవిడ కాగితాలు తిరగేసి కంప్యూటర్ తెర నావైపు తిప్పింది.

"సర్‌నేమ్ మారుస్తున్నరు గదమ్మా? ఈదర తీసి కొత్తపల్లి. ఒక్కసారి చూస్కోండి, అచ్చయినంక మళ్ల మస్తు తిరగాలె."

తెర మీద కొత్తపల్లి రవళి అని ఉంది. ఎవరో తెలిసినావిడ పేరులా ఉంది.

నా డిగ్రీలు, వీసా కార్డు, అచ్చయిన రెండు పరిశోధన వ్యాసాలు అన్నీ ఈదర రవళివి. ఇప్పుడు పాస్‌పోర్టు వేరే పేరుతో వస్తే విమానం ఎక్కే దగ్గర్నుంచి యూనివర్సిటీ దాకా ఆ రవళి నేనేనని నిరూపించుకుంటూ తిరగాలి. అక్టోబరు దాటితే కార్డు పోతుంది, కార్డుతో పాటు చదువూ పోతుంది. ప్రమోద్‌కి ఇది తెలీదా? తెలిసే ఉంటుంది. మొన్న చుక్కలు వేస్తుంటే రత్నమాల అత్తయ్యగారు కళ్ళు మూసుకునే అన్నారు, "నాలుగేళ్ళయింది, ఇంకా పుట్టింటి పేరేంటమ్మా? మా ఇంటిపేరు నీకంత బరువా?" నేను నవ్వేసి సీసా మూత పెట్టాను. పక్కనే ఉన్న ప్రమోద్, "దానికేముందమ్మా, మార్పిద్దాం. ఆలస్యమైతే ఓ ఏడాది ఇక్కడే ఉంటుంది, నీకూ తోడు" అన్నాడు. ఆవిణ్ణి ఊరుకోబెట్టడానికన్నాడనుకున్నాను. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అనేది మా నానమ్మ. కోపం వచ్చింది. ఆయన మీద కంటే, చదవకుండా సంతకం పెట్టిన నా మీద ఎక్కువ వచ్చింది.

"గీ పేరు మార్పు కాగితం మీద మరకేందమ్మా?"

"చింతపండండీ. వంట చేస్తూ సంతకం పెట్టాను. చదవలేదు."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. ఆ చూపులో జాలి లేదు, ఎరిగిన విషయం విన్నట్టుంది.

"మరెట్ల? బయట సార్‌ని అడిగొస్తరా?"

పర్సులో ఫోను వణికింది. పదకొండు గంటల చుక్కల అలారం. ఆపేశాను.

"వద్దండీ. పాతదే ఉంచండి. ఈదర."

"భర్త పేరు గడి?"

"అది ఉండనివ్వండి. ఆయన పేరు ఆయనదేగా."

ఆవిడ పెదవి చివర నవ్వింది. మరక కాగితం తీసి నాకిచ్చేసి, కీబోర్డు మీద నా ఇంటిపేరు రెండు వేళ్ళతో నెమ్మదిగా కొట్టింది. తెర మళ్ళీ నావైపు తిప్పితే, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాను. ఆ తర్వాతే సంతకం చేశాను.

బయట ఎండలో ప్రమోద్ చెమటలు తుడుచుకుంటున్నాడు. "ఇంతసేపా? అమ్మకి చుక్కల టైమైంది, రెండుసార్లు ఫోన్ చేసింది."

"నువ్వు వేసెయ్. సీసా ఫ్రిజ్ తలుపులో ఉంది. నాకు థీసిస్ పనుంది, సాయంత్రం దాకా లైబ్రరీలో ఉంటాను."

అతను నన్నూ, నా చేతిలో మడిచిన కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. "లోపలేమైనా అడిగారా?"

"పేరడిగారు. చెప్పాను."