ఎల్మర్ కోటు జేబులో రెండు బంతులు

రండి రండి, పొయ్యి దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ వేరుశనక్కాయల పొట్లం నలపడం ఆపండి బాబూ, ఆ చప్పుడుకి నా గొంతు నాకే వినపడటం లేదు. వెనకాల గుసగుసలాడుతున్న ఇద్దరూ మీ తగువేదో బయట మంచులో తేల్చుకుని రండి. అయిందా? సరే. ఇది ఎల్మర్ సోబెక్ బంతుల సంగతి. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఎక్కడైనా ఒకటి దూరినా, అది నేను పుట్టకముందే ఇందులో ఉంది.

పెన్సిల్వేనియా కొండల్లో ఉంది లార్క్‌టన్. ఆ ఊరి బేస్‌బాల్ జట్టు పేరు మ్యూల్స్, అంటే కంచరగాడిదలు. ఎల్మర్ ఆ జట్టు మైదానం మనిషి. నలభై ఒక్క ఏళ్ళు అక్కడ గడ్డి కోశాడు, మట్టి చదును చేశాడు, సున్నపు గీతలు గీశాడు. ఆటకు ముందు కొత్త బంతులకు మట్టి రాసేదీ అతనే. కొత్త బంతి సబ్బు ముక్కలా జారిపోతుంది, విసిరేవాడి వేళ్ళకు పట్టు చిక్కదు. అందుకని ఏటి ఒడ్డున ఒక మూల దొరికే మెత్తటి బురద కాస్త అరచేతిలో వేసుకుని, ఉమ్మితో తడిపి, బంతిని గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. తెలుపు పోయి, పాలు తక్కువైన టీ రంగు రావాలి. ఎక్కువ తెల్లగా ఉన్నా తప్పే, ఎక్కువ నల్లగా ఉన్నా తప్పే. ఎల్మర్ జేబులో బురద డబ్బా లేని రోజు లేదు. ఒకసారి చర్చిలో ముందు వరసలో కూర్చున్నాయన బట్టతల చూసి అతని చెయ్యి తనంతట తనే డబ్బా మూత తీసిందట. పక్కవాళ్ళు ఆపకపోతే ఆ పెద్దమనిషి గోధుమరంగు తలతో ప్రార్థన ముగించేవాడే.

మేటి ఆటగాళ్ళ పేర్లు గోడల మీద పలకల్లో చెక్కి ఉంచే పెద్ద హాల్ ఆఫ్ ఫేమ్ దేశానికంతటికీ ఒకటి ఉందన్న సంగతి అందరికీ తెలిసిందే. లార్క్‌టన్‌కు తనదైనది ఒకటుంది, వెర్నా ఐస్‌క్రీమ్ దుకాణంలో వెనక గోడ. దాని మీద పదకొండు ఇత్తడి పలకలున్నాయి. తొమ్మిదోది ఎల్మర్‌ది. "ఇతని మట్టి మీద పరాయి జట్టువాడెవడూ రెండో బేస్ దొంగిలించలేదు" అని రాసి ఉంటుంది. బేస్ అంటే పరిగెత్తేవాడు ఆగడానికి మట్టిలో పరిచిన దిండు; బంతి అందేలోపు ఒక దాని నుంచి పరిగెత్తి ముందున్నదాన్ని పట్టుకోవడాన్నే దొంగిలించడం అంటారు. ఈ ఆటలో అదొక్కటే అందరూ ఒప్పుకున్న దొంగతనం. ఎల్మర్ పేరు చెక్కి ఉన్నది భూమ్మీద ఆ పలక మీదే. ప్రతి ఆదివారం వెళ్ళి, ఎవరూ చూడనప్పుడు, చొక్కా చేతితో దాన్ని తుడిచి వచ్చేవాడు.

కొత్త పేరు ఎక్కించాలంటే అయిదుగురు పెద్దలు తేల్చాలి. ఒక్కొక్కరికీ వారం ముందు రెండు బంతులిస్తారు, ఒకటి తెల్లది, ఒకటి బురదలో ముంచి ఎండబెట్టినది. ఫిబ్రవరి మొదటి శనివారం మధ్యాహ్నం వాటిలో ఒకటి పాల క్యాన్‌లో, రెండోది గోనెసంచిలో వెయ్యాలి. క్యాన్‌లో తెల్లది పడితే ఔను, మట్టిది పడితే కాదు. అందులో మూడు తెల్లవి తేలితే పలక ఎక్కుతుంది.

ఆ ఏడు వచ్చిన పేరు బక్ టారెంట్. లార్క్‌టన్ నుంచి పెద్ద జట్టుకు వెళ్ళిన మొనగాడు ఇతనొక్కడే. ఒకసారి అతను కొట్టిన బంతి గోడ దాటి, రోడ్డు దాటి, వెళ్ళిపోతున్న బొగ్గు రైల్లో పడి ఒహాయోలో దిగింది. ఆ దూరం కొలవడానికి టేపు పట్టుకుని బయల్దేరినవాడు ఇంకా తిరిగి రాలేదు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ తర్వాత పేపర్లో ఒక జాబితా పడింది, ఆటలో కూడదన్న, కండలు పెంచే స్టెరాయిడ్ సూదులు పొడిపించుకున్నవాళ్ళ పేర్లు. అందులో బక్ పేరుంది. బక్ కాదనలేదు.

అయిదుగురిలో దంతవైద్యుడూ, దుకాణం యజమానురాలు వెర్నా ఔనంటారని ఊరంతటికీ తెలుసు. ఫైరింజను నడిపే ఆయనా, లైల్ ప్రాక్ కాదంటారనీ తెలుసు. మిగిలింది ఎల్మర్. రెండు బంతులూ కోటు జేబుల్లో వేసుకుని, వారమంతా ఒక జేబులో ఒక చెయ్యి, ఇంకో జేబులో ఇంకో చెయ్యి పెట్టుకుని తిరిగాడు.

గురువారం బక్ వచ్చాడు. పనిముట్ల షెడ్డు గుమ్మంలో పట్టనంత మనిషి. పక్కకు తిరిగి లోపలికొచ్చి తిరగేసిన బకెట్ మీద కూర్చున్నాడు.

"పెద్దాయనా, నాకు ఓటెయ్యమని అడగడానికి రాలేదు."

"మరి బకెట్ విరగ్గొట్టడానికొచ్చావా?"

"భుజం పోయింది నాకు. చెయ్యి పైకి లేచేది కాదు. ఇది తీసుకుంటే లేస్తుందన్నారు, తీసుకున్నా. లేచింది. తర్వాత అక్కర్లేకపోయినా మానలేదు, అది నా తప్పే. అప్పుడు అందరూ తీసుకునేవాళ్ళు. ఇప్పట్లా సీసాలో ఉచ్చ పోయించి పరీక్ష చేసేవాళ్ళు కాదు, ఎవరూ అడిగేవాళ్ళూ కాదు."

"అడిగుంటే చెప్పేవాడివా?"

బక్ గడ్డం గోక్కున్నాడు. "చెప్పేవాణ్ణి కాదేమో. సరే, నేనొకటి అడుగుతా, నువ్వు చెప్పు. పరాయి జట్టు పరుగు వీరులొచ్చినప్పుడల్లా తెల్లారకముందే మొదటి బేస్ దగ్గర పైపు పెట్టి నీళ్ళు పట్టేదెవరు?"

"మట్టికి దాహమేస్తే పట్టనా?"

"వాళ్ళొచ్చినప్పుడే వేసేదా దాహం?"

ఎల్మర్ పార తీసుకుని దానికంటిన మట్టి గోకడం మొదలుపెట్టాడు. ఆ సంగతి ఊళ్ళో అందరూ పండగ పాటలా పాడుకునేదే. ఒకసారి ఆ తడిలో ఒక పరుగు వీరుడు మోకాళ్ళదాకా దిగబడ్డాడు. ఫైరింజను తాడేసి లాగితే మనిషి వచ్చాడు గాని బూట్లు రాలేదు. రెండేళ్ళ తర్వాత ఆ బూట్లు ఊరవతల ఎవరో బావి తవ్వుతుంటే బయటపడ్డాయి. అలాగే అవతలి జట్టు బ్యాట్ పట్టేటప్పుడు వాడే బంతులు ఐసు పెట్టెలో దాచేవాడు. గడ్డకట్టిన బంతి దూరం పోదు. ఒకటి మరీ గడ్డకట్టి, బ్యాట్ తగలగానే పగిలి, జూలై నెలలో మైదానం మీద మంచు కురిసింది.

"నేను తేడా ఏంటని అడగట్లేదు. నాకూ తెలీదు. నీకు తెలిస్తే చెప్పు" అని బక్ లేచాడు. బకెట్ కూడా అతనితోపాటే లేచింది.

శుక్రవారం వంటగది తొట్టిలో నీళ్ళు దిగక, ఎల్మర్ ప్లంబర్‌ని పిలిచాడు. ఆ ప్లంబర్ లైల్ ప్రాకే. ఒకప్పుడు మ్యూల్స్‌లో బక్ ఆడిన చోటే ఆడేవాడు. ఒక వేసవిలో పెద్ద జట్టువాళ్ళు ఇద్దరినీ చూసి ఒకణ్ణి తీసుకెళ్ళారు.

లైల్ తొట్టి కింద దూరి వెల్లకిలా పడుకుని మాట్లాడాడు. కాళ్ళు మాత్రమే కనపడుతున్నాయి.

"పొద్దుటా సాయంత్రం పాలు తాగేవాణ్ణి, ఎల్మర్. లీటర్లకి లీటర్లు. మా అమ్మ ఆవు నన్ను చూస్తే పారిపోయేది. ఆ వేసవిలో వాడు నెలకో చొక్కా పెద్దది కొన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు. వాడు ఎక్కువ కష్టపడుతున్నాడేమో అనుకుని నేనింకా పాలు తాగా."

"వాడికి భుజం నొప్పని..."

"నాకూ నొప్పేగా! నాది మామూలు నొప్పి, అంతే తేడా." పానా ఒకటి కిందపడింది. "నువ్వు ఏ బంతేస్తావో నేనడగను. వాడి పలక ఎక్కితే నేనా దుకాణంలో ఐస్‌క్రీమ్ తినను. నాకు ఐస్‌క్రీమంటే ఎంతిష్టమో నీకు తెలుసు."

తొట్టిలో నీళ్ళు గుటుక్కున దిగాయి. ఎల్మర్ బుర్రలో మాత్రం ఏదీ దిగలేదు.

శనివారం మధ్యాహ్నం ఎల్మర్ వెర్నా దుకాణానికి నడిచి వెళ్ళాడు. మైలున్నర దూరం. దారి పొడుగునా ఆలోచించాడు. బక్ మంచివాడు. లైల్ మంచివాడు. సూది తప్పు. నీళ్ళు? నీళ్ళు మట్టికి పట్టాను, మనిషికి కాదు. మట్టి మీద పరిగెత్తేది మనిషే కదా. ఇలా అతను ఆలోచిస్తుంటే చేతులు వాటి పని అవి చేసుకుంటున్నాయి. ఎడమ జేబులో కొత్త బంతి తగిలేసరికి నలభై ఒక్క ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? డబ్బా మూత తెరుచుకుంది, బొటనవేలు బురదలో మునిగింది, బంతి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. కుడి జేబులో ఉన్నది మరీ మట్టికొట్టుకుపోయిన బంతి. అలాంటి దాన్ని ఏ ఆటకూ ఇవ్వరు. అందుకని కుడి చెయ్యి కోటు లోపలి బట్టతో దాన్ని తుడవడం మొదలుపెట్టింది. ఎల్మర్‌కి ఇదేదీ తెలియదు.

దుకాణం కిటకిటలాడుతోంది. నలుగురూ క్యాన్‌లో బంతులేశారు. ఎల్మర్ వంతొచ్చింది. అతను కళ్ళు మూసుకుని ఒకటి క్యాన్‌లో, ఒకటి సంచిలో పడేసి పక్కకొచ్చాడు. వెర్నా క్యాన్ బల్ల మీద బోర్లించింది. రెండు తెల్లవి, రెండు మట్టివి. అయిదోది పాలు తక్కువైన టీ రంగు.

"ఇదేంటి ఎల్మర్?"

"బంతి."

"బంతని నాకూ కనపడుతోంది! ఔనా, కాదా?"

సంచి కూడా దులిపారు. అందులో ఎల్మర్ వేసినదీ పాలు తక్కువైన టీ రంగే. రెండూ పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉన్నాయి. దంతవైద్యుడు అద్దం పెట్టి చూశాడు. ఫైరింజను ఆయన వాసన చూశాడు. ఎవరో నాలికతో కూడా చూశారు. ఏ అంపైరుకిచ్చినా కళ్ళకద్దుకుని ఆడిస్తాడు, అంత చక్కగా కుదిరాయి.

"నోటితో చెప్పెయ్ పెద్దాయనా, పోయేదేముంది" అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ బక్.

ఎల్మర్ తన చేతులు చూసుకున్నాడు. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, తొమ్మిదో పలక మరలు విప్పడం మొదలుపెట్టాడు.

"నీకేమైనా పిచ్చా!" అని వెర్నా అరిచింది. "దాన్నెందుకు తీస్తావు?"

"వీడు శుభ్రమా కాదా అని నన్నడుగుతున్నారు. ముందు నేను శుభ్రమో కాదో ఎవరైనా చెప్పండి. ఐసు పెట్టెలో బంతులు పెట్టింది నేను కాదా? నీళ్ళు పట్టింది నేను కాదా?"

జనమంతా గొల్లున నవ్వారు. "అది తెలివి ఎల్మర్!" "ఆ బూట్ల కథ ఇంకోసారి చెప్పు!"

నవ్వనిది లైల్ ఒక్కడే. ముందుకొచ్చి పలకకు చెయ్యి అడ్డం పెట్టాడు. "నీదీ వాడిదీ ఒకటి కాదు. నువ్వు పట్టిన నీళ్ళు అవతలి జట్టువాణ్ణి తడిపాయి. వాడి సూది మాత్రం, పక్కనే కూర్చుని అన్నం తిన్నవాడి చోటు లాక్కుంది. తేడా లేదూ?"

బక్ తల దించుకున్నాడు. ఎల్మర్ స్క్రూడ్రైవర్ కిందికి దించాడు.

"తేడా ఉంది. ఉన్నట్టే ఉంది. కానీ లైల్, ఆ దిగబడ్డ కుర్రాణ్ణి చూడ్డానికి ఆ రోజు పెద్ద జట్టువాళ్ళొచ్చారు. ముందు వరసలో కాగితాలు పట్టుకుని కూర్చున్నారు. వాడు బురదలో నిలబడి ఏడుస్తుంటే కాగితాలు మడిచి లేచిపోయారు. వాడి పేరు మళ్ళీ ఎక్కడా వినలేదు. బూట్ల సంగతే చెప్పుకుని నవ్వాం నలభై ఏళ్ళూ. పేరు నేనూ మర్చిపోయా."

లైల్ పలక మీంచి చెయ్యి తీశాడు.

ఆఖరి మర ఊడింది. ఎల్మర్ పలకను చొక్కా చేతితో ఒకసారి తుడిచి లైల్ చేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గరుంచు. ఎప్పటికైనా నీకు తేలితే, నాదొక్కటి బిగిస్తావో, ఇద్దరివీ బిగిస్తావో, ఏదీ బిగించవో నీ ఇష్టం. నాకు చేతకావట్లేదు, చేతులు కూడా చెప్పట్లేదు."

"నాకెందుకిచ్చావు? నాకేం తెలుసు?" అన్నాడు లైల్. అన్నాడే గాని పలకను తిరిగివ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. బక్ వచ్చి అతనికి రెండు కుర్చీల అవతల కూర్చున్నాడు. వెర్నా ఈ ఏటికి ఓట్లు చెల్లవని చెప్పి, ఆ రెండు టీ రంగు బంతులూ గోడ మీద ఖాళీ అయిన చోట ఒక గూట్లో పెట్టింది. ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. తోచక, లైల్‌తో సహా అందరూ ఐస్‌క్రీమ్ అడిగారు.

అప్పటిదాకా కిటికీ పక్కన కూర్చుని, టోపీ కళ్ళ మీదికి లాక్కుని కునుకు తీస్తున్న ఒక ముసలాయన టోపీ ఎత్తి అన్నాడు: "వీళ్ళందరి సంగతీ సరేనయ్యా, ఆ మైదానంలో గడ్డి మాటేంటి? యాభై ఏళ్ళుగా చూస్తున్నా, మామూలు గడ్డి అంత బలంగా పెరగదు. దాన్ని ఎవరైనా ఒక్కసారన్నా సీసాలో ఉచ్చ పొయ్యమన్నారా?"