మరకల గడి

నలభై రోజులు కథ రాయలేదు. ఆ నలభై రోజుల్లో నా నోట పడని మనిషి లేడు.

రాయొద్దని ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు. ఆసుపత్రి బట్టలు ఉతికే లాండ్రీలో పనిచేస్తాం మేము. పది గంటల పనిని ఎనిమిదికి తగ్గించాలని యాజమాన్యంతో చర్చలు మొదలయ్యాయి. మా తరఫున మాట్లాడాల్సింది నేను. అప్పటిదాకా మా గోడపత్రికలో వారానికో కథ రాసేదాన్ని. చర్చలు ముగిసేవరకు నోటీసులు తప్ప కథలొద్దని మా కార్మికుల కమిటీలో తీర్మానం పెట్టారు. "కథలు తీరికున్నవాళ్ల సోకు!" అని అరిచి, అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే.

మొదటి వారం హాయిగానే గడిచింది. రెండో వారం నుంచి ఇంట్లో గిన్నె చప్పుడైనా గిట్టేది కాదు. మూడో వారం మా అమ్మాయి లెక్కలు చెప్పమని వస్తే "మీ టీచరు గడ్డి పీకుతోందా?" అన్నాను. పిల్ల పుస్తకం మూసుకుని వాళ్ల నాన్న దగ్గరికి పోయింది. మా ఆయన బట్టలు కుడతాడు. మిషను మీంచి తలెత్తకుండానే అడిగాడు.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి మాకెందుకు బాగాలేదు?"

నా కోపం దేనిమీదో నాకు తెలిస్తే కదా! జీతం మీద అనుకున్నాను. పని మీద అనుకున్నాను. చివరికి వయసు మీదికి కూడా నెట్టి చూశాను.

లాండ్రీలోనూ ఇదే వరస. మా కమిటీ పెద్దని అందరం బాబాయ్ అంటాం. ఒకరోజు పక్కకు పిలిచాడు.

"అమ్మాయ్, నిన్న బాయిలర్ నడిపే అతన్ని ఏమన్నావ్?"

"ఉన్నమాటే అన్నాను బాబాయ్."

"వాళ్లతో పోట్లాడమన్నాం గానీ మనవాళ్లతో కాదు. ఈ నోరేసుకుని చర్చల్లో కూర్చున్నావంటే, పదకొండు గంటలు చెయ్యమంటారు. కాస్త చూసుకో."

ఉతికిన మూటలకు చీటీలు రాసేది నేను. దుప్పట్లెన్ని, దిండు గలీబులెన్ని, వదలని మరకలేమిటి. మరకల గడిలో ఒక్క మాటే రాయాలి: రక్తం, మందు, టీ. ఆ మాట చూసి ఆసుపత్రి స్టోరులో ఏది వాడాలో, ఏది పక్కన పెట్టాలో తేల్చుకుంటారు.

నలభయ్యో రోజు మధ్యాహ్నం ఒక దుప్పటి అంచున, వదలని రక్తం చార పక్కనే, వరసగా పళ్ల గాట్లు కనబడ్డాయి. ఎవరో నొప్పి పైకి వినబడకుండా గుడ్డ కొరికి పట్టుకున్నారు. పక్క మంచం మీదివాళ్లు నిద్రపోతున్నారేమో, లేపడం ఇష్టం లేకపోయిందేమో. రాయడం మొదలుపెట్టాను. గడి నిండింది. చీటీ వెనక్కి తిప్పాను. తర్వాతి మూటకూ అంతే. ఎనిమిది మూటలకు ఎనిమిది మంది మనుషుల్ని రాసేశాను. ఆ గంటసేపు ఎవర్నీ తిట్టలేదు. బాయిలర్ అతను వచ్చి మంచినీళ్లు అడిగితే లేచి ఇచ్చాను కూడా. అతను భయపడ్డాడు.

మర్నాడు ఎనిమిది మూటలూ తిరిగొచ్చాయి. చీటీలు చదివితే ఏది శుభ్రమో ఏది కాదో తెలియలేదట, అన్నీ మళ్లీ ఉతకమన్నారు. షిఫ్టు అయ్యాక పన్నెండు మంది రెండు గంటలు ఉండిపోయారు. ఎనిమిది గంటలు అడుగుతున్నవాళ్లచేత నేను పన్నెండు గంటలు చేయించాను. మేనేజరు మెట్ల మీద నిలబడి, ఒక చీటీ ఊపుతూ "మీ నాయకురాలి పనేనమ్మా!" అని నవ్వాడు.

పని ముగియగానే కమిటీ కూర్చుంది. నేను నీళ్లు నమలలేదు.

"తప్పు నాది. కథలు ఆపడం కూడా తప్పే. ఆపితే ఆగలేదు, చీటీల్లోకి కారింది. ఆ తీర్మానం కొట్టేయండి."

మడతల సెక్షన్ అక్క లేచింది. రెండు గంటలు తడి దుప్పట్లు పిండిన మనిషి.

"నీ కథలకి మా నడుములు విరిగాయి. రాసుకో తల్లీ, రాయకపోతే మమ్మల్ని కరుస్తున్నావు. కానీ చర్చలకు మాత్రం నువ్వు రావద్దు. ఇప్పుడు నువ్వు ఏం మాట్లాడినా ఆ మేనేజరు ఆ చీటీయే తీస్తాడు."

నేను బాబాయ్ వంక చూశాను. ఆయన తన చెప్పుల వంక చూసుకున్నాడు. రెండు మాటలకూ చేతులు లేచాయి. రెండోదానికి నేనూ ఎత్తాను. ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

నా బదులు అక్క వెళ్లింది. పై అంతస్తులో చర్చలు నడుస్తుంటే, కింద నేను గలీబులు లెక్కపెట్టి ఒక్కో మాటే రాశాను. టీ. మందు. మందు. ఎనిమిదిన్నర దగ్గర ఒప్పందం చేసుకుని దిగొచ్చారు. నేనైతే ఆ అరగంట వదిలేదాన్ని కాదు. లేకపోతే ఈ నోటితో మొత్తం పది గంటలూ అలాగే ఉంచేసేదాన్నేమో. ఇప్పటికీ తేలలేదు నాకు.

ఇంటికెళ్లి, మా ఆయన గుడ్డలు కత్తిరించే బల్లలో సగం ఆక్రమించి కథ రాయడానికి కూర్చున్నాను. కోపం తగ్గలేదు. కానీ ఇప్పుడు దేనిమీదో తెలుసు, ఆ అరగంట మీద. ఎదురుగా మా అమ్మాయి లెక్కలు చేసుకుంటోంది. నన్ను ఏమీ అడగలేదు. దానికింకా నమ్మకం కుదరలేదు.

సోమవారం కథ గోడకు అంటించాను. అక్క నిలబడి చివరిదాకా చదివింది.

"ఇదేంటే, నేను బల్ల గుద్దానని రాశావ్? నేనెప్పుడు గుద్దాను?"

"గుద్దలేదు కాబట్టే అరగంట పోయింది."

"నోరుముయ్," అంది. మళ్లీ ఇంకోసారి మొదట్నుంచి చదివింది. "సంతకం పెట్టబోయి ఆ మేనేజరు రెండుసార్లు పెన్ను కింద పెట్టేశాడు. అది రాయలేదేం? అది కూడా రాయి."