అత్తల్లేని గుంపు

చేప పొలుసు గీకుతుంటే వెనక నుంచి మా ఆయన గణేశ్వరరావు అన్నాడు: “కోతులెనక తిరిగీదానికి సర్కారు జీతమిస్తంది. బాగుంది. నాకు కూరెవులొండుతారు?”

నన్ను తీసుకుపోవడానికే పోర్ట్ బ్లెయిర్ నుంచి షిప్పులో ఈ చిట్టచివరి దీవికి, క్యాంప్‌బెల్ బే దాకా వచ్చాడు. ఎక్కణ్ణుంచో వచ్చి స్థిరపడ్డ సెటిలర్ల ఇంట్లో నా అద్దె గది చూసి ముక్కు మూసుకున్నాడు. బుద్ధి చెప్పించడానికి వాళ్ళమ్మ అసిరమ్మనీ తెచ్చాడు. మర్నాడు సాయంత్రం షిప్పు తిరిగి వెళ్తుంది. నేనెక్కితే, రెండేళ్ళు అడవిలో తిరిగి మచ్చిక చేసుకున్న కోతులగుంపు నన్ను మర్చిపోతుంది. మళ్ళీ రానిస్తారా? రానివ్వరు. ఇంట్లో చదువుకుంటుంటే “లైటార్పు” అన్న మనిషి ఈయన. మా అటవీశాఖ ఆఫీసులో అందరికీ టీ పోసేది నేనే, ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి. అడవిలో ఎవరికీ పొయ్యక్కర్లేదు. అక్కడ నాకు ఊరికే నవ్వొస్తుంది, దాపరికమెందుకు?

పొద్దున్నే ఇద్దర్నీ అడవికి తీసుకెళ్ళాను. “పెద్ద మగకోతి కళ్ళలోకి చూడకండి, దెబ్బలాటకి పిలిచినట్టు” అని చెప్పాను.

“కోతి ముందు నాను తలొంచాలా?” అని గుడ్లురిమాడు. అది పళ్ళు చూపించి ఒక్క ఉరుకు ఉరికింది. ఆయన వెల్లకిలా బురదలో.

అత్త మాత్రం మగాళ్ళ ముందు కూర్చునే అలవాటు కొద్దీ తల దించుకుని కూర్చుంది. తల్లికోతులు ఆమె పక్కకే వచ్చి ఆకులు ఏరుకున్నాయి. చంకలో పిల్లలు.

“ఈ ఆడపిల్లని ఏ గుంపుకిస్తారే?” అంది మెల్లగా, ఓ తల్లి చంకలోని కూనని చూపించి.

“ఇవ్వరత్తా. ఆడవి పుట్టిన గుంపులోనే, తల్లి దగ్గరే ఉంటాయి. పెద్దయ్యాక వెళ్ళిపోయేవి మగవే.”

“మరత్తలో?”

“లేరు.”

నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. “ఒలమ్మా! పదమూడేల్లకి పెల్లి సేసి నన్ను ఓడెక్కించి తెచ్చీసినారు! ఈ ముక్క అప్పుడెవులూ సెప్పలేదేటే!”

సాయంత్రం జెట్టీ దగ్గర, పేంటుకి ఎండి అట్టలు కట్టిన బురదతోనే, ఆయన గొంతు పెంచాడు: “చలో, ఎక్కు. తమాషా బస్, ఇంక చాలు!”

“నేను రాను. పొద్దున చూసిన ఆ ఆడ కోతిపిల్ల తల్లయ్యేదాకా ఇక్కడే ఉంటాను.” గట్టిగా కూడా అనలేదు.

“అమ్మా, సెప్పు దీనికి!”

అసిరమ్మ తన సంచి నా చేతికిచ్చింది. “నువ్వెల్లరా నాయినా. వేలకి తిను.”

షిప్పు కదిలింది. అత్త నా మోచెయ్యి పట్టుకుంది.

“అది తల్లవడానికెన్నేల్లే?”

“నాలుగైదు పడుతుందత్తా.”

“అయితే నాకో పేంటు కుట్టించీ. కోకతోటి ఆ బురదలో నడవలేకపోనాను.”