లీలావతి గది కింద మంచు

అనుమానాలున్నవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు, ఎవరూ బతిమాలరు. ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో మే నెల ఎండకి కాకులు నీడ కోసం ఆటోలెక్కే రోజుల్లో, గుప్తా ఆంటీ పెరట్లో విడిగా ఉన్న లీలావతి అద్దె గది కింద నేల గడ్డకట్టి ఉండేది. గునపం వేస్తే గునపమే వంగేది.

పొద్దున్నే వీధంతా వచ్చి పాలప్యాకెట్లూ పెరుగు గిన్నెలూ ఆవిడ మంచం కింద పెట్టుకునేది. సాయంత్రం పట్టుకుపోయేది. కూర్చున్నవాళ్లు మాత్రం లేరు. చలి మరి.

ఆవిడ ఉద్యోగం నోయిడాలో. ఎక్కడో మంచుదేశంలో ఉన్న ఊరికి ఇక్కడినుంచి పునాదులు గీయడం. జన్మలో మంచు చూడకపోయినా ఆ ఊరిని ఒంటిచేత్తో నిలబెట్టింది. తరతరాలుగా గడ్డకట్టిన నేల అక్కడ వేడెక్కి బురదవుతోంది, మేడలు ఒరుగుతున్నాయి. ఇళ్లని స్తంభాల మీదికి ఎత్తండి, మనుషుల వేడి నేలకి తగలనివ్వకండి, కింద చలిగాలి ఆడనివ్వండి అని రోజూ రాసేది. బతకడమూ అలాగే బతికేది.

ఎదురింట్లోకి సదాశివరావు దిగాడు. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే రాజమండ్రి మనిషి. పుచ్చకాయ పెట్టడానికొచ్చి, శాలువా కప్పుకుని మరీ గుమ్మం పక్కన కూర్చుండిపోయాడు. రోజూ అదే వరస. ఆయన కబుర్లకి నవ్వీ నవ్వీ ఆవిడకి చెమటలు పట్టాయి. వారం తిరక్కుండా ఆ పక్క నేల కరిగి గది గుమ్మం వైపుకి ఒరిగింది, మంచం దానంతటదే నడిచొచ్చి తలుపుకి అడ్డం పడింది.

గుప్తా ఆంటీ తేల్చి చెప్పేసింది. "దేఖో లీలా, మాస్టర్‌జీ రావడం బంద్. లేదంటే గది ఖాళీ చెయ్."

లీలావతి ఆయన్ని రావద్దంది. నేల మళ్లీ బిగిసింది. తలుపు హాయిగా తెరుచుకుంది, తెరిస్తే ఎవరున్నారు గనక. ఆదివారం సాయంత్రం కూరగాయలాయన్నే నిలబెట్టి, కొనని కూరలకి కూడా ధరలడిగింది.

సోమవారం ఆఫీసులో ఆ మంచు ఊళ్లోని ఓ బడి పునాది గురించి రాస్తోంది. ఈ నేలని ఇక కాపాడలేం, ముందే పూర్తిగా కరగనివ్వండి, కుంగాల్సినంత కుంగాక దానిమీద కట్టండి. రాసి, అక్కడే ఆగిపోయింది. బస్సు దిగి తిన్నగా ఎదురింటికే వెళ్లింది.

"మాస్టారూ, రేపట్నించి రండి."

"గది కూలిపోతే?"

"కూలదండీ. దిగుతుంది. దిగనిద్దాం."

గోడ పగిలితే పూచీ తనదని ఆంటీని ఒప్పించింది. వేడి నాలుగు మూలలకీ సమంగా అందాలని కుర్చీలు గది నడిమధ్యన వేసింది. చలికాలం వచ్చేసరికి గది నిటారుగా దిగి, కిటికీ పెరటి నేల మట్టానికొచ్చి ఆగింది. గోడ మీద గీతయినా పడలేదు. ఢిల్లీ అంతా వణుకుతుంటే ఆ గది నేలమీద వట్టికాళ్లతో తిరగొచ్చు.

లోపలికి వెళ్లాలంటే ఇప్పుడు మెట్లు దిగాలి. ఇద్దరు పక్కపక్కన కూర్చునేంత వెడల్పుగా ఉండాలని ఆవిడే చెప్పి కట్టించింది. అబద్ధమంటారా? మెట్లు కట్టిన మేస్త్రీ ఇక్కడే షాహ్‌దరాలో ఉన్నాడు, పాలమూరు మనిషి. పేరు ధర్మయ్య.